ఓడెట్ కట్టిన సంచి

మధ్యాహ్నం భోజనానికి పోస్టాఫీసు నుంచి ఇంటికొచ్చిన ఓడెట్ పొడి మేజోళ్ళ కోసం కింద హీటరు గదిలోకి దిగింది. అక్కడ తీగ మీద, రెండు క్లిప్పులు పెట్టి ఆరేసిన స్లీపింగ్ బ్యాగు వేలాడుతోంది. ఆదివారం దాన్ని ఆరేసింది తనే. ఇవాళ బుధవారం. ఆమె మొగుడు లోర్న్ పొద్దున్న తొమ్మిదిన్నరకే విమానం ఎక్కి వెళ్ళిపోయాడు.

ఒక్క క్షణం ఆమెకేమీ అర్థం కాలేదు. తర్వాత పెయింటు డబ్బాలు పెట్టే అర వైపు చూసింది. నిప్పు డబ్బా కూడా అక్కడే ఉంది. మైనంలో ముంచిన అగ్గిపుల్లలు, లావుపాటి కొవ్వొత్తి, అరచేతిలో పట్టే స్టవ్వు, అన్నీ అందులోనే. ఇవి రెండూ ఇక్కడున్నాయంటే, మొగుడు భుజాన వేసుకెళ్ళిన సంచిలో ఇవి లేవన్నమాట. బయట మైనస్ ముప్ఫై ఆరు.

ఆ సంచి సంగతి చెప్పాలి. కెనడా ఉత్తరాన ఉన్న స్ప్రూస్ ల్యాండింగ్‌లో జీతం లేని కొలువులు రెండున్నాయి. ఒకటి చర్చిలో పియానో వాయించడం, రెండోది కొండల్లో తప్పిపోయిన వాళ్ళని విమానాల్లో వెతకడం. మొదటిదానికి మనిషి దొరకడు, రెండోదానికి పోటీ. ఆ యూకాన్ ప్రాంతపు జనం తీరే అంత. గాలింపు దళంలో పైలట్లు తొమ్మిది మంది. లోర్న్ వాళ్ళలో ఒకడు. వారమంతా ఊళ్ళోవాళ్ళ హీటర్లు బాగుచేస్తాడు, దళం నుంచి ఫోనొస్తే రెంచీ ఉన్నచోటే పడేసి పరిగెడతాడు. అలా పరిగెత్తేవాడికి సర్దుకునే తీరికెక్కడిది? అందుకే ప్రతి పైలటు ఇంట్లోనూ వెనక తలుపు పక్కన కొక్కేనికి ఒక నారింజరంగు సంచి ఎప్పుడూ సిద్ధంగా వేలాడుతుంటుంది. విమానం ఏ అడవిలోనో దిగబడితే ఆ సంచే ఇల్లు, అదే పొయ్యి, అదే పడక.

లోర్న్ సంచి కట్టేది ఓడెట్. అతను సర్దితే తెల్ల చొక్కా మీద బూట్లు పెడతాడు, అది వేరే సంగతి. అసలు దళం మొత్తంలో సంచి కట్టడం ఓడెట్‌కి వచ్చినట్టు ఎవరికీ రాదు. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేదీ ఆమే. వాళ్ళ చేతులకి, వేళ్ళు విడిగా లేని మందపాటి మిట్టెన్లు తొడిగించి, కళ్ళకి గంతలు కట్టి, "ఊఁ, ఇప్పుడు విప్పండి" అంటుంది. "చేతులు గడ్డకట్టిన మనిషి కోసం కడుతున్నారు బాబూ, మీ ఆవిడ పిక్నిక్కి కాదు. జిప్పులొద్దు, పీటముడులొద్దు. పళ్ళతో లాగితే ఊడిరావాలి." నిప్పు డబ్బాని స్లీపింగ్ బ్యాగు మధ్యలో చుట్టి పెట్టాలన్నది ఆమె కనిపెట్టిన పద్ధతే. ఒకటి చేతికి తగిలితే రెండోది వెతుక్కోనక్కర్లేదని. ఇప్పుడా తెలివే కొంప ముంచింది. ఒకటి మర్చిపోయేసరికి రెండూ మిగిలిపోయాయి.

సంచి కట్టేది ఒకరైతే తనిఖీ చేసేది ఇంకొకరు. అది దళం కట్టుబాటు. ఓడెట్ కట్టిన సంచిని ఆమె స్నేహితురాలు, దళంలో పైలటే అయిన థెల్మా నేల మీద బోర్లించి, ఒక్కో వస్తువూ పైకి చదివి, మళ్ళీ సర్దించి, మూతికి తెల్ల టేపు చుట్టి తేదీ వేస్తుంది. టేపు ఉంటే సంచి నిండుగా ఉన్నట్టు. ఎవరైనా దేనికోసమైనా టేపు తెంపితే, పిడికి ఎర్ర గుడ్డ కట్టి తీరాలి.

బాతు ఈకల స్లీపింగ్ బ్యాగుని నెలల తరబడి కుక్కి ఉంచితే ఈకలు అణిగిపోతాయి, వెచ్చదనం పోతుంది. అప్పుడప్పుడూ తీసి, దులిపి, ఆరేయాలి. ఆదివారం ఓడెట్ చేసింది అదే. టేపు తెంపింది, బ్యాగు తీసింది, నిప్పు డబ్బా అర మీద పెట్టింది. సాయంత్రానికల్లా మళ్ళీ పెట్టేసే దానికి ఎర్ర గుడ్డెందుకులే అనుకుంది. ఇంతలో చెల్లెలు ఫోను చేసి గంటన్నర మాట్లాడింది. ఆ తర్వాత కూర మాడింది. ఆ తర్వాత మర్చిపోయింది. ఎర్ర గుడ్డ కట్టలేదని ఓ పళ్ళ డాక్టరుని పదిమందిలో కడిగేసిన మనిషి ఈ ఓడెట్.

మేజోళ్ళు చేతిలోనే ఉన్నాయి. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. 'ఏం కాదు' అని తనకి తనే చెప్పుకుంది. 'అతనేం అడవిలోకి పోలేదు కదా, మోర్స్ క్రీక్‌లో రన్‌వే ఉంది, మనుషులున్నారు.' నిజమే. కొండల అవతల ఒక ముసలి వేటగాడు మూడు రోజులుగా ఇల్లు చేరలేదని కబురొచ్చింది. కిటికీల్లోంచి కిందికి చూసేవాళ్ళు ముగ్గురు నిన్ననే ట్రక్కులో అక్కడికి చేరారు. లోర్న్ ఒక్కడూ విమానం తీసుకెళ్ళి వాళ్ళని ఎక్కించుకోవాలి. గంట ప్రయాణం. ఈపాటికి దిగి, కాఫీ తాగి, గాలింపు మొదలుపెట్టి ఉంటాడు.

కానీ జేబులో లైటరైనా ఉందా అతనికి? లేదు. నాలుగేళ్ళ క్రితం సిగరెట్లు మాన్పించిందీ తనే. "లైటరు మాత్రం ఉంచుకో" అంటే, "అది జేబులో ఉంటే చెయ్యి సిగరెట్టు కోసం తడుముతుందే" అని నవ్వేవాడు.

పైన ఫోను మోగింది. ఆమె రెండేసి మెట్లు ఎక్కి వెళ్ళి అందుకుంది.

"ఓడెట్, నువ్వు ముందు కూచో" అంది థెల్మా.

"కూచునే ఉన్నా. చెప్పు."

"లోర్న్ మోర్స్ క్రీక్ చేరలేదు. బీకన్ మోగుతోంది. పదీ ఇరవై నుంచి మోగుతోందిట. ఇందాకే రూఢి అయింది. హ్యాంగరుకి వచ్చెయ్. మంచు మీద జాగ్రత్తగా నడుపు, విన్నావా?"

బీకన్ అంటే విమానం నేలకి గట్టిగా తగిలితే తనంతట తానే కూత పెట్టే పెట్టె. అది ఫలానా చోట ఉన్నానని చెబుతుంది కానీ, పక్కనున్న మనిషి బతికున్నాడో లేదో చెప్పదు. ఓడెట్ కిందికి పరిగెత్తి స్లీపింగ్ బ్యాగుని తీగ మీంచి ఒక్క లాగు లాగింది. నిప్పు డబ్బా కోటు జేబులో వేసుకుంది. ఎందుకు తీసుకెళుతోందో ఆమెకే తెలీదు. బ్యాగుని ట్రక్కులో పక్క సీటు మీద కూర్చోబెట్టి దారి పొడవునా ఒక చెయ్యి దాని మీద వేసే నడిపింది.

విమానాలుంచే హ్యాంగరు ముందు ట్రక్కాపి, బ్యాగుని సీటు మీదే వదిలేసి లోపలికి వెళ్ళింది. బల్ల మీద మ్యాపు పరిచి ఉంది. దళానికి పెద్ద అంగస్, రిటైరైన హెడ్‌మాస్టరు, డెబ్బై ఏళ్ళ మనిషి, రేడియో పక్కన నిలబడి ఉన్నాడు. థెల్మా ఎదురొచ్చి కావలించుకుంది.

"ఇదిగో ఇక్కడ" అన్నాడు అంగస్, మ్యాపు మీద వేలు పెట్టి. "టస్కా సరస్సు ఒడ్డున. కనుమ దాటిన వెంటనే. నూట ఇరవై కిలోమీటర్లు. కూత ఆగకుండా వస్తోందంటే విమానం ముక్కలైపోలేదనే అర్థం అమ్మాయ్."

"ఎవరు వెళ్తున్నారు?"

"మిలటరీ హెలికాప్టరు వస్తుంది. కానీ దక్షిణాన మంచు కురుస్తోంది. రేపు పదకొండుకి గానీ అక్కడికి చేరలేదు."

"నేను పోతానంటున్నా, ఈయన పోనివ్వడం లేదు" అంది థెల్మా.

"పోనివ్వను. కనుమలో మబ్బు చెట్ల మీదకి దిగిపోయింది. ఒక పావుగంట తెరుచుకుంటోంది, అరగంట మూసుకుంటోంది. కొండల్లో ఒక విమానం పడింది చాలు, రెండోది వద్దు." అంగస్ ఓడెట్ వైపు తిరిగాడు, గొంతు మెత్తబడింది. "చూడమ్మాయ్, ఇంకెవరైనా అయితే నేనిలా ఆగేవాణ్ణి కాదు. అతని దగ్గరున్నది నువ్వు కట్టిన సంచి. ఒక రాత్రేమిటి, మూడు రాత్రులు కాలు మీద కాలేసుకుని పడుకోగలడు. ఈపాటికి టీ కాచుకుంటూ ఉంటాడు."

"అవునే" అంది థెల్మా, ఆమె వీపు రాస్తూ. "టేపు చుట్టింది నేనే కదా. అందులో ఏముందో నాకు తెలీదా? కాస్త ధైర్యం తెచ్చుకో."

ఎవరో ఆమె చేతిలో కాఫీ కప్పు పెట్టారు. గోడ పక్కన వెల్డింగ్ షాపు హ్యూగో టోపీ పట్టుకుని నిలబడి, "మీ సంచి వల్లే నాకు భయం లేదు మేడమ్" అన్నాడు. పోయినేడాది కళ్ళకి గంతలు కట్టించుకున్నవాళ్ళలో అతనొకడు. మంచిమాట చెబుదామనే అన్నాడు పాపం.

ఇక్కడ ఓడెట్‌ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. చెప్పెయ్యాలి. చెప్పడానికి నాలుగు మాటలు చాలు. ఆమె మాత్రం కాఫీ కప్పులోకి చూస్తూ నిలబడింది. సిగ్గు ఒకటి ఆపింది, ఆ మాట దాచడమెందుకు? కానీ అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. చెప్పిందా, అంగస్ ఇక ఆపడు, థెల్మా ఆగదు. మబ్బు కమ్మిన ఆ కనుమలోకి పోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆదివారం పూట తన వంటింట్లో కూచుని తన బ్రెడ్డుకి వంకలు పెడుతూనే మూడు ముక్కలు తినే మనిషి. పోయిన నెలలోనే మనవడు పుట్టాడు, ఫోటో ఇప్పుడూ ఆమె జేబులో ఉంటుంది. తన మతిమరుపు ఒకణ్ణి కొండల్లో పడుకోబెట్టింది, తన నోరు ఇంకొకరిని పంపాలా? చెప్పకపోతేనో, చీకటి పడుతుంది. నిప్పు లేకుండా, పక్క లేకుండా, ఇనప రేకుల విమానంలో లోర్న్. రాత్రికి మైనస్ నలభై దాటుతుందని పొద్దున్న రేడియోలో చెప్పారు. ఒక్క ఆశ ఏమిటంటే, ఇంజను మీద కప్పే మందపాటి దుప్పటి ఒకటి విమానంలో ఉంటుంది. నూనె కంపు కొట్టే దుప్పటి. అది చాలుతుందా? చాలదని తన పాఠంలో తనే చెబుతుంది.

గోడ మీద గడియారం ఒంటిగంట కొట్టింది. ఆమె వచ్చి అప్పుడే పావుగంట గడిచిపోయింది. ఆమె కప్పు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. వాంతి వస్తోందేమో అనుకుని థెల్మా వెంట రాబోయింది. "ఉండు" అని సైగ చేసింది ఓడెట్. రెండు నిమిషాల తర్వాత స్లీపింగ్ బ్యాగు ఎత్తుకుని లోపలికొచ్చి దాన్ని మ్యాపు మీద పడేసింది.

"ఇదేంటి?" అన్నాడు అంగస్.

"లోర్న్‌ది."

"లోర్న్‌దైతే ఇక్కడెందుకు..." అంటూ అంగస్ దాన్ని చేత్తో నొక్కి చూశాడు.

థెల్మా బ్యాగు వైపూ ఓడెట్ వైపూ చూసింది. "టేపు నేనే చుట్టానే."

"నేనే తెంపాను. ఆదివారం. ఆరేద్దామని."

"గుడ్డ?"

"కట్టలేదు."

"నిప్పు డబ్బా?"

ఓడెట్ కోటు జేబులోంచి తీసి బ్యాగు పక్కన పెట్టింది. డబ్బాలో అగ్గిపుల్లలు గలగలలాడాయి. హ్యూగో తల దించుకున్నాడు.

"నువ్వొచ్చి ఎంతసేపైంది?" అంది థెల్మా.

"పావుగంట."

"పావుగంటసేపు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావా? మొగుడు అక్కడ మంచులో, నువ్విక్కడ కాఫీ పట్టుకుని?"

"చెబితే నువ్వెళ్తావని."

"ఏంటీ?"

"నువ్వెళ్తావని భయమేసిందే!" ఓడెట్ గట్టిగా అరిచింది, ఏడుపూ వచ్చేసింది. "అతను పోయి, నువ్వూ పోతే..."

"వెళ్తాను మరి. ఇన్నాళ్ళూ విమానం తోలుతున్నది కోళ్ళని అదిలించడానికా?" థెల్మా అప్పటికే కోటు గుండీలు పెట్టుకుంటోంది. "ఏడుపు తర్వాత. హ్యూగో, ఇంజనుకి హీటరు తగిలించు. నువ్వు నాతో వస్తున్నావు, సంచి విసిరెయ్యాలి. అంగస్, నన్నాపుతావా?"

అంగస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చీకటి పడకముందే, మూడు గంటలకి అక్కణ్ణించి తిరిగొచ్చెయ్యాలి. అతను కనబడినా, కనబడకపోయినా. ఒట్టెయ్యి."

"వేశా పో."

ఇంజను వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటలో ఓడెట్ సంచి కట్టాలి. ట్రక్కు వెనక ఉన్న కాన్వాసు తపాలా గోనెలు రెండు తెచ్చి ఒకదానిలో ఒకటి దూర్చింది, పైనుంచి పడితే పగలకుండా. స్లీపింగ్ బ్యాగు పరిచి మధ్యలో నిప్పు డబ్బా, చేతి రేడియో పెట్టింది. స్టీలు ఫ్లాస్కులో దుప్పిమాంసం పులుసు, మిట్టెన్లు, మేజోళ్ళు. ఎప్పుడూ పాటలా దొర్లిపోయే వరస ఇవాళ ఒక్క ముక్క గుర్తు రాలేదు. పెట్టింది తీసింది, తీసింది పెట్టింది. రేడియో పెట్టానా అని మొత్తం విప్పి చూసింది, ఉంది. చుట్టి, మళ్ళీ అదే అనుమానం వచ్చి, మళ్ళీ విప్పింది. టేపు చేతికే చుట్టుకుపోతోంది.

"ఓడెట్, టైమవుతోంది!" బయటి నుంచి థెల్మా కేకేసింది.

"ఒక్క నిమిషం!" మిట్టెన్లు తొడుక్కుంది, కళ్ళు మూసుకుంది, వంగి మూతికి కట్టిన పట్టీని పళ్ళతో లాగింది. ఊడింది. గబగబా మళ్ళీ కట్టి, మంచులో కనబడేలా ఆరడుగుల నారింజ గుడ్డ తోకలా వేలాడదీసింది.

థెల్మా లోపలికొచ్చి ఆ మూటని అందుకుంది. వెంటనే బయల్దేరకుండా తన నారింజ సంచిని కూడా తెచ్చి ఓడెట్ కాళ్ళ దగ్గర పడేసింది. "చూడు."

"నేనా? ఇంకా నేనే?"

"మరెవరు? కట్టుబాటు కట్టుబాటే. ఊఁ, కానివ్వు."

ఓడెట్ సంచిని నేల మీద బోర్లించింది. గొడ్డలి, రంపం, టార్పాలిన్, గిన్నె, చక్కెర బిళ్ళలు, అగ్గిపుల్లలు అంటూ ఒక్కొక్కటీ పైకి చదివింది. ప్రతిదాన్నీ చేత్తో తాకే సర్దింది. టేపు చుట్టి తేదీ వేసింది. ఆ తేదీ అంకెలు వంకరపోయాయి.

ఒంటిగంటా నలభై ఐదుకి చక్రాల బదులు జారుడు బద్దలుండే స్కీల విమానం మంచు లేపుకుంటూ పైకెగిరింది. కొండల వైపు చిన్నదైపోయి మబ్బులో కలిసిపోయింది. అప్పటిదాకా ఓడెట్‌కి ఒకరి గురించే భయం. ఇక ముగ్గురి గురించి.

ఆ నలభై నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. ఆమె రేడియో పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. అంగస్ లాగ్ పుస్తకం తెరిచి కలం పట్టుకున్నాడు. రేడియోలో వచ్చిన ప్రతి మాటా టైముతో సహా రాయాలి, అదీ కట్టుబాటే. మధ్యలో మోర్స్ క్రీక్ నుంచి కబురు. ఆ వేటగాడు దొరికాడట. మేనల్లుడి గుడిసెలో పేకాడుతున్నాడట. అంగస్ దాన్ని రాసుకుని, పుస్తకంలో ఎక్కించలేని మాటొకటి పళ్ళ మధ్య అనుకున్నాడు.

రెండూ పదికి థెల్మా గొంతు. "కనుమలో ఉన్నా. ఏమీ కనబడ్డం లేదు." ఆ తర్వాత చాలాసేపు గరగర. ఓడెట్ కళ్ళు మూసుకుంది. 'నేను పంపాను, నేనే పంపాను' అని లోపల అదే మాట తిరుగుతోంది. రెండూ ఇరవైకి, "దాటాం. సరస్సు కనబడుతోంది."

"హమ్మయ్య" అన్నాడు అంగస్.

"విమానం కనబడింది. ఒడ్డున, ముక్కు మంచులో, తోక పైకి. ఒక రెక్క వంగిపోయింది. బయటెవరూ లేరు." కాసేపాగి, "పొగ లేదు" అంది.

పొగ ఎందుకు లేదో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. అంగస్ ఆ మాట రాసి ఓడెట్ వైపు చూడలేదు.

"దిగగలవా?"

"లేదు. మంచు కింద నీళ్ళు ఊరాయి, మరకలు కనబడుతున్నాయి. దిగితే స్కీలు ఇరుక్కుని నేనూ ఇక్కడే ఉండాలి. మూట పడేస్తున్నాం." గరగర. "పడింది. విమానానికి ముప్ఫై అడుగుల్లో ఉంటుంది. ఇంజను మోత వింటాడు కదా, చుట్టూ తిరుగుతా."

ఒక చుట్టు. రెండు చుట్లు. "ఎవరూ రాలేదు" అంది థెల్మా. మూడో చుట్టు. ముప్ఫై అడుగుల దూరంలో నిప్పుంది, పక్కుంది, పులుసుంది. అన్నీ మూడు రోజులు ఆలస్యంగా. నాలుగో చుట్టు. అంగస్ చెయ్యి చాచి ఆమె భుజం పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం ఎప్పుడు చేస్తాడో ఆమెకి తెలుసు, ఇదివరకు ఇద్దరు వితంతువుల భుజాలు అలాగే పట్టుకోవడం చూసింది. విదిలించేసింది.

"తలుపు కదిలింది."

ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"తలుపు కదిలిందే ఓడెట్! మనిషి... ఇంజను దుప్పటి కప్పుకున్నాడు. పాకుతున్నాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. ఆగిపోయాడు... మళ్ళీ కదిలాడు. రా నాయనా, ఇంకొంచెం, ఇంకొంచెం రా... గుడ్డ పట్టుకున్నాడు. మూటని లాక్కుంటున్నాడు. పళ్ళతో విప్పుతున్నాడు."

ఓడెట్ రెండు చేతులతో నోరు మూసుకుంది. రేడియోలో మాట లేదు. గడియారం రెండూ నలభై ఐదు.

"మాట్లాడాడు" అంది థెల్మా. "చేతి రేడియో తీశాడు. నాలుక తిరగడం లేదు. కాలు విరిగిందిట. వేళ్ళకి స్పర్శ తెలీడం లేదట. మెలకువగా ఉండడానికి మన హైస్కూలు హాకీ టీమందరి పేర్లూ చదువుకుంటున్నాడట, గోల్‌కీపరు పేరు గుర్తు రాలేదట."

అంగస్ నవ్వబోయి దగ్గాడు. కలం పరిగెడుతోంది.

"ఓడెట్, నీకేదో చెప్పమంటున్నాడు. ఉండు, మళ్ళీ అడుగుతా." గరగర. "టేపు తెగి ఉండడం పొద్దున్నే చూశాడట. సంచి తేలిగ్గా ఉందనీ తెలిసిందట. చూసే తీసుకెళ్ళాడట. తప్పు తనదేనని పుస్తకంలో రాసుకోమంటున్నాడు. నిన్నెవరూ ఏమీ అనకూడదట."

అంగస్ కలం ఆగింది.

విరిగిన కాలుతో, బిగుసుకుపోయిన నాలుకతో ఆ మనిషి పనిగట్టుకుని చెప్పిన మాట అది. ఓడెట్‌కి అతణ్ణి ముద్దుపెట్టుకోవాలనిపించింది, చెంప పగలగొట్టాలని కూడా అనిపించింది.

"ముందు నాది రాయి అంగస్" అంది. "ఆదివారం టేపు తెంపింది ఓడెట్, గుడ్డ కట్టనిది ఓడెట్, పావుగంట నోరు విప్పనిది ఓడెట్. అది రాశాక, దాని కింద రాయి ఆయనది." మైకు లాక్కుంది. "థెల్మా, వాగుడు కట్టిపెట్టి స్టవ్వు వెలిగించమను!"

"అదే చెప్పా నేనూ."

మూడింటికి రెండు నిమిషాల ముందు థెల్మా, "మూటతో విమానంలోకి పాకాడు, కిటికీలో వెలుగు కనబడింది, వెనక్కి వస్తున్నా" అంది. మూడూ నలభైకి విమానం రన్‌వే మీద దిగేదాకా ఓడెట్ ఆ పీట మీంచి లేవలేదు. దిగిన థెల్మా మొహం సున్నం కొట్టినట్టుంది. తిరుగు దారిలో కనుమ సగంలోనే మూసుకుపోయిందని, పది నిమిషాలు చెట్ల కొసలు చూసుకుంటూ వచ్చిందని హ్యూగో చెప్పాడు. అది చెప్పొద్దని థెల్మా అతనితో ముందే అందట. అయినా చెప్పేశాడు.

హెలికాప్టరు మర్నాడు పదకొండూ పదికి సరస్సు చేరింది. లోర్న్ బతికే ఉన్నాడు. ఎడమచేతి వేళ్ళు మూడు దక్కలేదు. రాత్రి ఆ బ్యాగు, ఆ నిప్పు లేకపోతే వేళ్ళ గురించి మాట్లాడే పనే ఉండేది కాదని డాక్టరు చెప్పింది.

నాలుగో రోజుకి అతనికి కూర్చునే ఓపిక వచ్చింది. రెండు చేతులకీ కట్లు. ఓడెట్ ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని చెంచాతో సూపు తాగిస్తోంది. ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగింది.

"టేపు తెగి ఉండడం నిజంగా చూశావా? నా కోసం కల్పించావా?"

"చూశాను."

"బరువు తగ్గిందని తెలిసిందా?"

"కొక్కెం మీంచి తీసినప్పుడే తెలిసింది."

"తెలిసి, విప్పి చూడ్డానికేం రోగం నీకు?"

లోర్న్ కిటికీ వైపు చూశాడు. "నువ్వు కట్టిందే కదా" అన్నాడు. "ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఒక్క అగ్గిపుల్ల తగ్గలేదు. ఏదో తేలికరకం కొత్తది పెట్టి ఉంటావులే అనుకున్నా. విప్పితే నిన్ను అనుమానించినట్టు ఉంటుందని..."

ఓడెట్ చెంచా గిన్నెలో పెట్టేసింది. తీగ మీద బ్యాగు చూసినప్పుడు కూడా ఆమెకి ఇంత భయం వెయ్యలేదు. ఎన్నిసార్లు ఎగిరాడు ఇతను, ఎన్ని కొండలు దాటాడు, సంచిలో ఏముందో చూడకుండా, కేవలం తన మంచిపేరు భుజాన వేసుకుని! ఆ పేరంటే తనకెంత మురిపెం! పదిమందిలో ఎంత మురిసిపోయింది!

"నేను కట్టాను కాబట్టే విప్పి చూడు" అంది. "నా కళ్ళముందే విప్పు. నేను మొహం మాడ్చుకుంటాను, రెండు రోజులు మాట్లాడను కూడా. అయినా విప్పు."

"సరేలే."

"సరేలే కాదు. చూస్తానని చెప్పు."

"చూస్తాను" అన్నాడు లోర్న్.

ఆమె మళ్ళీ చెంచా ముంచింది. సూపు సగం అతని నోట్లోకి, సగం దుప్పటి మీదకి పోయింది.